గర్త్ ఎంత బిగించాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు

విభాగం: గుర్రపు స్వారీ » జీను, సామాను

#1 మొయినాబాద్_సవారీ
అందరికీ నమస్కారం. స్వారీ కొత్తగా నేర్చుకుంటున్నాను. మొన్నటిదాకా సైస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) గుర్రాన్ని సిద్ధం చేసి ఇస్తే ఎక్కేవాళ్లం. ఇప్పుడు జీను మీరే వేసుకోండి అంటున్నారు. నాకిచ్చింది రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి ఆడగుర్రం. వీపు మీద జీను పెట్టేదాకా బంగారుకొండ. పొట్ట కింద నుంచి గర్త్ (జీనును పట్టి ఉంచే పొట్టపట్టీ) లాగి బకిల్ దగ్గరికి తెచ్చేసరికి చెవులు వెనక్కి పెట్టి, మెడ తిప్పి కరవబోతుంది. ఒళ్లంతా బిగబడుతుంది.

సైస్ ఏమో "పొట్ట ఉబ్బిస్తది, మోకాలితో ఒక్కటియ్యి, గాలి దిగుతది" అంటాడు. కోచ్ రెండు వేళ్లు దూరితే చాలంటారు. పక్కన గుర్రం ఉంచుకున్న పెద్దాయన వేలు కూడా దూరకూడదంటారు. పోయిన వారం ఒకతను ఎక్కుతుండగానే జీను గిర్రున పక్కకి తిరిగింది. దెబ్బలేం తగల్లేదు గానీ, అప్పటి నుంచి నేనైతే ఇంకో బెజ్జం ఎక్కువే లాగుతున్నాను. అసలు ఎంత బిగించాలి? వేళ్లు ఎక్కడ పెట్టి చూడాలి? ఈ పొట్ట ఉబ్బించడం నిజమేనా?

#2 ఖాకీ_సవార్
ముందుగా ఆ మోకాలి సంగతి. కొట్టకండి. కొట్టమన్నవాడితో కూడా మాన్పించండి. మౌంటెడ్ పోలీసులో మాకెవరూ అది నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు. ఇవాళ దెబ్బ తిన్న గుర్రం రేపు మీరు గర్త్ ముట్టుకోకముందే బిగుసుకుంటుంది.

ఇక పద్ధతి. జీనును మూపు మీద కాస్త ముందుగా దించి, వెంట్రుక వాలు వెంట వెనక్కి జరపండి. వెనక పెట్టి ముందుకు నెట్టారా, కింద వెంట్రుకలన్నీ ఎదురు తిరిగి నలుగుతాయి. నమ్దా (జీను కింద వేసే మెత్త) ముందు అంచును వేళ్లతో జీను గూడులోకి, అంటే జీను ముందు భాగం కిందుండే ఖాళీలోకి పైకెత్తండి. ఎత్తకపోతే గర్త్ బిగించేకొద్దీ అది మూపు ఎముక మీద దిగి నొక్కుతుంది. కుడివైపు బకిళ్లు పెట్టి, మెలి లేదని చూసుకుని, గుర్రం ముందు నుంచి చుట్టి ఎడమవైపుకి రండి. నిలబడేది జబ్బ పక్కన, వెనక కాళ్ల దరికి పోవద్దు. వేలాడుతున్న గర్త్ అందుకోవడానికి తల పొట్ట కిందికి దూర్చే పిల్లల్ని చాలామందిని చూశాను. తల బయట ఉండాలి, చేయి మాత్రమే లోపలికి పోవాలి.

గర్త్ పడే చోటు ముందుకాలి మోచేయికి అరచేయి వెడల్పు వెనక. మొదటిసారి జీను జారకుండా నిలిచేంతే. తర్వాత కళ్ళెం వేయండి, గిట్టలు చూడండి, ఈలోపు గుర్రం కుదుటపడుతుంది. అప్పుడు ఒక బెజ్జం. నాలుగడుగులు నడిపించి ఇంకోటి. ఎక్కే ముందు చూడాలి. ఎక్కి ఓ పది నిమిషాలు నడిచాక మళ్లీ చూడాలి. ఒకే వైపు లాగుతూ పోకుండా అటొకటి ఇటొకటి ఎక్కించండి. చివర్లో ముందుకాళ్లు ఒక్కొక్కటే మోకాలి కింద పట్టుకుని మెల్లగా ముందుకి చాపితే, గర్త్ కింద ఇరుక్కున్న చర్మం మడత విడిపోతుంది.

గుర్రాన్ని పగ్గాలతో ఎక్కడా కట్టేయకండి. కరిచే రకం అంటున్నారు కాబట్టి హాల్టర్ (కళ్ళెం లేని తలపట్టీ) వేసి, అలవాటైన మనిషి ఒకరు తల దగ్గర పట్టుకుని ఉంటే మంచిది.

#3 మలక్‌పేట_భాయ్
ఖాకీ అన్న చెప్పిందంతా మంచిగనే ఉంది. గని పది నిమిషాలు నడిచి చూసుకునుడు రేసుల కుదరదు. మా దాంట్ల జీను అర కిలో కూడా తూగనియ్యి ఉంటయి. జాకీ కూసోడు, పొట్టి రికాబుల మీద లేచి వంగి ఉంటడు. గంటకు అరవై కిలోమీటర్ల మీద పోయేటప్పుడు జీను రెండంగుళాలు జరిగినా ఎనక వచ్చే గుర్రాల కింద పడుతడు. గందుకనే గర్త్ మీద ఇంకో సర్సింగిల్ పట్టీ వేస్తం, జీను మీదికెంచి తిప్పి. పాడక్‌ల (రేసుకు ముందు గుర్రాలను తిప్పే జాగల) ఒకపారి గుంజుతరు, స్టార్టింగ్ గేటు కాడ ఇంకోపారి చూస్తరు.

ఇగ రేసుల నుంచి వచ్చిన ఆ గుర్రం సంగతి. దానికి గర్త్ అంటే యాదికొచ్చేదే గట్టిగ గుంజుడు. క్లబ్బుకి రాంగనే మరిచిపోతదా?

#4 పశువైద్యురాలు_తిరుపతి
మొయినాబాద్ గారూ, మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. గుర్రం మిమ్మల్ని మోసం చేయడానికి గాలి పీల్చి ఉగ్గబట్టుకుంటుందన్నది చాలా పాత నమ్మకం. గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటాయి. వాటిలో ముందరి 8 జతలు నేరుగా రొమ్ము ఎముకకు అతుక్కుని ఉంటాయి. గర్త్ పడేది అక్కడే. ఊపిరి తీసినా ఆ చోటు పెద్దగా ఉబ్బదు. మీకు ఉబ్బినట్టు కనిపించేది కండరాలు బిగబట్టడం. నొప్పికో, నొప్పి వస్తుందన్న భయానికో అలా చేస్తుంది. కాసేపటికి కండరాలు వదులవుతాయి, నమ్దా అణుగుతుంది, జీను సర్దుకుంటుంది. గర్త్ వదులైనట్టు అనిపించేది అందుకే.

ఇంకో సంగతి. గుర్రానికి మనలా కాలర్ బోన్ (మెడ కింద భుజానికి అడ్డంగా ఉండే ఎముక) లేదు. ముందుకాళ్లకీ ఛాతీకీ మధ్య కీలు అంటూ ఏదీ ఉండదు, ఛాతీ మొత్తం కండరాల మీద రెండు కాళ్ల నడుమ వేలాడుతుంటుంది. మనం బిగించేది ఆ కండరాల మీదే. బిగువు ఎక్కువైతే అడుగు పొట్టిదవుతుంది.

మలక్‌పేట గారికి కూడా ఒక మాట. 1999లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో బవర్స్, స్లోకాంబ్ అనే ఇద్దరు రేసు గుర్రాల్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి గర్త్ బిగువు మార్చి చూశారు. బిగువు పెరిగేకొద్దీ గుర్రాలు త్వరగా అలిసిపోయాయి. గట్టిగా బిగించి పంపితే భద్రత రావచ్చు, వేగం మాత్రం అందులోంచే తగ్గుతుంది.

వేళ్ల పరీక్ష గురించి. పక్కన జీను రెక్క కింద పెట్టి చూస్తే వదులుగానే తగులుతుంది, అదే సమయంలో కింద రొమ్ము ఎముక దగ్గర గట్టిగా పట్టేసి ఉండొచ్చు. కాబట్టి రెండు ముందుకాళ్ల మధ్య, రొమ్ము ఎముక మీద చూడండి. రెండు వేళ్లు పరిచి, కొంచెం బలంతో దూరాలి.

#5 మలక్‌పేట_భాయ్
మేడం, ట్రెడ్‌మిల్ మీద జాకీ లేడు గదా. పడేటోడు లేనప్పుడు ఎంత వదులైనా నడుస్తది 😄

కోపం చేయకుండ్రి, మాట ఒప్పుకుంట. మా దగ్గర ఎలాస్టిక్ గర్త్‌లు ఎక్కువ. సాగుతయి కాబట్టి ఇంకొంచెం ఇంకొంచెం అని గుంజుతనే ఉంటరు పోరగాళ్లు, ఎంత గట్టిగైందో చేతికి తెల్వదు. మా పాత ట్రైనర్ కొత్త పోరగాళ్లకు ముందుగాల ఎలాస్టిక్ లేని గర్త్ ఇచ్చేటోడు.

#6 పశువైద్యురాలు_తిరుపతి
జాకీ సంగతి న్యాయమైన అభ్యంతరమే, అందులో నాకు వాదన లేదు. ఎలాస్టిక్ గురించి మీరు చెప్పింది అందరూ రాసిపెట్టుకోవాలి. ఒకవైపే ఎలాస్టిక్ ఉన్న గర్త్ అయితే సాగే వైపు, సాగని వైపు లాగుడు సమంగా ఉండదు. రెండు వైపులా ఉన్నదే నయం. మన ఎండకీ చెమటకీ ఎలాస్టిక్ త్వరగా చచ్చిపోతుంది. వదిలినప్పుడు వెంటనే ముడుచుకోకపోయినా, అంచుల్లో రబ్బరు పోగులు బయటికి వచ్చినా పారేయడమే.

మొయినాబాద్ గారూ, మీ గుర్రం విషయంలో నా అసలు అనుమానం కడుపులో పుండ్లు. రేసు గుర్రాల్లో ఇవి చాలా ఎక్కువ. గుర్రం తిన్నా తినకపోయినా జీర్ణాశయంలో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీ కడుపుతో నిలబెట్టి, దాణా మాత్రం దండిగా పెట్టి, పరుగు తీయిస్తే ఆ ఆమ్లం పైభాగానికి చిమ్ముతుంది, అక్కడ రక్షణ పొర ఉండదు. గర్త్ దగ్గర కరవడం, దాణా మధ్యలో వదిలేయడం, పక్కలు చూసుకోవడం, బరువు తగ్గడం కనిపిస్తే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఖాయంగా తెలియాలంటే మూడు మీటర్ల ఎండోస్కోప్ (కెమెరా గొట్టం) వేసి చూడాలి. ఈలోగా ఒకటి చేయొచ్చు. స్వారీకి ముందు కొంచెం లూసర్న్ మేత గానీ ఎండుగడ్డి గానీ తిననివ్వండి. కడుపులో గడ్డి తేలుతుంటే ఆమ్లం చిమ్మడం తగ్గుతుంది, పైగా నములుతున్న గుర్రానికి మీరు గర్త్ పెట్టడం కాస్త తేలిక.

పుండ్లే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. జీను ఇరుకైనా, పక్కటెముకలో పాత దెబ్బ ఉన్నా ఇలాగే ఉంటుంది. గుర్రాన్ని చూసినవాళ్ల మాటే ఆఖరు మాట.

#7 టెక్సస్_తెలుగు
మేం ఇక్కడ వెస్టర్న్ జీను వాడతాం. గర్త్‌ని సించ్ అంటారు, మా దగ్గరున్నది మోహేర్ (మేక బొచ్చు) నూలుతో అల్లింది. దీనికి బకిల్ బెజ్జాల లెక్క ఉండదు. లాటిగో అనే పొడుగాటి తోలుపట్టీని డీ రింగుల్లోంచి రెండుసార్లు తిప్పి లాగాలి. రెండు మడతలు కాబట్టి బలం రెట్టింపు పడుతుంది, అందుకే అతిగా బిగిసిపోయేదీ ఇక్కడే. మా పాప పదేళ్లది, అది లాగినా గుర్రం గుర్రుమంటుంది.

వెనక ఇంకో సించ్ ఉంటే వరస ముఖ్యం. కట్టేటప్పుడు ముందుది మొదట, వెనకది తర్వాత, ఛాతీ పట్టీ చివర. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి. ముందుది ముందే విప్పేశారనుకోండి, గుర్రం బెదిరితే జీను వెనక సించ్‌తో పొట్ట కిందికి పోతుంది, ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. వెనకది పొట్టకి తగులుతూ ఉండాలి గానీ బిగువు ఉండకూడదు. మరీ వేలాడిందా, ఈగని తోలుకోవడానికి కాలెత్తినప్పుడు గిట్ట అందులో ఇరుక్కుంటుంది. రెండు సించ్‌ల మధ్య చిన్న పట్టీ ఒకటి తప్పకుండా ఉండాలి, వెనకది ఇంకా వెనక్కి జారకుండా.

#8 చింతపల్లి_సంత
మీరందరూ క్లబ్బులోళ్లు, మేం మూటలేసుకునేవోళ్లం. మా వేపు కొండ మీద ఊళ్లకి రోడ్డు లేనిచోట గుర్రమే లారీ. మిరియాలు, కాఫీ, రాజ్మా సంతకి దింపాలన్నా, బియ్యం పైకి ఎక్కించాలన్నా దాని మీదే. మాకు బకిల్ లేదు, బెజ్జం లేదు. గోనె మీద గోనె పరిచి తాడుతో కడతాం.

నాకు తెలిసిందొకటే చెప్తాను. బరువు ఒక పక్కకుంటే ఎంత బిగించినా తిరిగిపోద్ది. మా నాన్న తాడు ముట్టుకునే ముందు రెండు మూటలూ చేతుల్తో ఎత్తి చూసుకునేవోడు. తేడా ఉంటే చిన్న మూట వేపు నాలుగు రాళ్లేసేవోడు. అంతేగానీ తాడు ఇంకా లాగేవోడు కాదు. మీ జీను తిరిగిపోనాది కూడా అదే కదేటి? ఎక్కేటోడు బరువంతా ఎడమ రికాబు మీదేసి ఏలాడుంటాడు.

ఏటవాలు ఎక్కేటప్పుడు మూట వెనక్కి జారుద్ది, రొమ్ముకి అడ్డంగా ఒక తాడు. దిగేటప్పుడు ముందుకి జారుద్ది, తోక కింద నుంచి ఒకటి. అయ్యి రెండూ ఉంటే పొట్టతాడు మీద అంత పని పడదు. పొట్టతాడు సన్నగుంటే కోసేస్తాది, అందుకే గోనె మడతెట్టి దాని కిందేస్తాం. వానలో నూలుతాడు తడిసి బిగుసుకుంటాది, నైలాన్ తాడు సాగుద్ది. రెండిటికీ దారిలో ఆగి చూసుకోవాల్సిందే.

#9 ఖాకీ_సవార్
చింతపల్లి తమ్ముడూ, ఈ చర్చలో అన్నిటికన్నా అసలైన మాట నువ్వు రాశావు. జీను తిరిగిపోతే అందరూ గర్త్ వదులైందంటారు. ఎక్కువసార్లు గర్త్ బాగానే ఉంటుంది, ఎక్కిన తీరే బాగుండదు.

మొయినాబాద్ గారూ, నేల మీంచి ఎక్కడం మానండి. ఎత్తు పీట గానీ గట్టు గానీ చూసుకోండి. లేదంటే ఎదుటి వైపు ఒకరు కుడి రికాబు పట్టీని కిందికి అదిమి పట్టుకోవాలి. మూపు గుండ్రంగా, వీపు బల్లపరుపుగా ఉన్న లావు పోనీలకైతే జీను పట్టే చోటే ఉండదు. దానికి ఛాతీ పట్టీ వేసుకోవాలి, జారని నమ్దా వేసుకోవాలి. గర్త్ ఇంకో రెండు బెజ్జాలు లాగితే ఊపిరాడని గుర్రం, తిరిగిపోయే జీను రెండూ దక్కుతాయి.

ఎక్కాక బిగించడం కూడా చెప్పేస్తాను, చాలామంది కాలు రికాబులోంచి తీసేస్తారు. తీయకూడదు. ఎడమ పాదం రికాబులోనే ఉంచి కాలిని జీను రెక్క ముందుకి జరపండి. రెండు పగ్గాలూ కుడిచేతిలో. ఎడమచేత్తో రెక్క ఎత్తి, పట్టీ పైకి లాగి, చూపుడువేలితో బకిల్ ముల్లుని బెజ్జంలోకి నొక్కండి. గుర్రం నిలబడి ఉండగా చేయాలి, మొదట్లో పక్కన మనిషి ఉంటేనే చేయాలి.

#10 బరాత్_రాజా
మా గుర్రాలు పెళ్లిళ్లకి తిరుగుతాయండి. పెళ్లికొడుకుని నలుగురు బావమరుదులు కలిసి ఎడమ పక్క నుంచి ఎత్తి పడేస్తారు. మొన్నొకాయన నూటపది కిలోలు పైనే ఉంటాడు, షేర్వాణీ అదనం. గర్త్ ఎంత బిగించమంటారు?

#11 ఖాకీ_సవార్
ఆయన్ని కారెక్కించండి. నవ్వులాటకి కాదు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదనేది చాలామంది పాటించే లెక్క. మీ గుర్రం నాలుగొందల కిలోలుంటే ఎనభై దగ్గర ఆగిపోవాలి.

మిగతావాళ్లకి కుర్చీ వేసి ఎక్కించండి. ఊరేగింపు గుర్రానికి ఇంకో చిక్కుంది. పైన కప్పే జరీగుడ్డ గర్త్‌ని కనబడనివ్వదు. గంటల తరబడి బ్యాండు ముందు నిలబడ్డాక అది ఎలా ఉందో ఎవరూ చూడరు. కదిలే ముందు గుడ్డ ఎత్తి చూడమనండి. ఖాళీగా నిలబడ్డంతసేపూ ఒకటి రెండు బెజ్జాలు వదులు చేసి, మనిషి ఎక్కే ముందు మళ్లీ బిగించండి.

#12 రాజేంద్రనగర్_కేడెట్
ఎన్‌సీసీ ఆర్ అండ్ వీ (రిమౌంట్ అండ్ వెటర్నరీ, గుర్రాల విభాగం)లో ఉన్నాను. ఒక సందేహం. జీనుకి ఒక్కోవైపు మూడు పట్టీలుంటాయి, గర్త్‌కి రెండే బకిళ్లు. మావాళ్లు కొందరు మొదటిదీ మూడోదీ వాడతారు, కొందరు మొదటి రెండూ. ఏది కరెక్ట్ సార్? మూడోది స్పేరా?

#13 ఖాకీ_సవార్
రెండూ సరే. రెండూ మూడూ కలిపి వాడటం మాత్రం తప్పు. మామూలు ఇంగ్లిష్ జీనులో మొదటి పట్టీ ఒక నవారు మీద కుట్టి ఉంటుంది, రెండు మూడు కలిసి ఇంకో నవారు మీద ఉంటాయి. మొదటిది తప్పనిసరిగా వాడితే ఒక నవారు తెగినా ఇంకోటి నిన్ను మోస్తుంది. రెండూ మూడూ పెట్టి ఎక్కావంటే ఒకే నవారు మీద ప్రాణం పెట్టినట్టు. కొన్ని జీనుల కుట్టు వేరుగా ఉంటుంది, రెక్క ఎత్తి చూసుకో. మొదటిది ఎంతో మూడోది ఎంతో బెజ్జాలు సమంగా ఉండాలి.

రోజూ కుట్టు కూడా చూడు. వానాకాలంలో తోలు బూజు పడుతుంది, దారం కుళ్లుతుంది. బెజ్జం గుండ్రంగా కాక సాగి పొడుగైతే ఆ పట్టీ మార్చించు. కత్తితో కొత్త బెజ్జం పొడిచి నెట్టుకురావద్దు, అలాంటి చోటే తెగుతుంది.

#14 మలక్‌పేట_భాయ్
గర్త్ కడిగేది కూడా చెప్పుండ్రి ఎవరన్న. సగం పుండ్లు బిగువుతోని కాదు, ఎండిన చెమట అట్టకట్టి ఒరుసుకునుడుతోని వస్తయి.

#15 పశువైద్యురాలు_తిరుపతి
నూటికి నూరుపాళ్లు. స్వారీ అయ్యాక గర్త్‌ని లోపలి వైపు తుడిచి నీడలో ఆరేయాలి. గుర్రానికి ఆ చోట చెమట కడిగి, మోచేయి వెనక చర్మాన్ని చేత్తో తడిమి చూడాలి. వేడిగా ఉన్నా, వెంట్రుక ఊడినా, ముట్టుకుంటే చర్మం వణికినా పుండు మొదలవుతోందని గుర్తు. పుండు పడితే ఉప్పునీళ్లతో శుభ్రం చేసి, పూర్తిగా మానేదాకా జీను వేయకూడదు. గొర్రెబొచ్చు తొడుగు వేసి స్వారీ చేసేద్దాం అనుకోవద్దు, అది నివారణకే పనికొస్తుంది. నియోప్రీన్ (రబ్బరు లాంటి) గర్త్ కడగడం తేలికే గానీ మన ఎండకి లోపల ఆవిరిపట్టేస్తుంది. నాకైతే మెత్తటి తోలు, లేదంటే నూలు.

స్వారీ అయ్యాక దిగగానే గర్త్ మొత్తం విప్పేయకండి. ఒకటి రెండు బెజ్జాలు వదులు చేసి, రికాబులు పైకెత్తి, నడిపిస్తూ చల్లబడ్డాక తీయండి.

#16 మొయినాబాద్_సవారీ
అందరికీ చాలా చాలా థాంక్స్. క్లబ్‌తో మాట్లాడాను, వెట్‌ని పిలిపించారు. ఎండోస్కోప్‌కి ఇంకా తేదీ దొరకలేదు. ఈలోగా వారంపాటు దానికి పని ఆపేశారు, గడ్డి పెంచారు. ఆయన ఇంకోటి కూడా చూశారు. దానికి వేసే గర్త్ మరీ పొడుగు. రెండు వైపులా పైబెజ్జం దాకా ఎక్కించేస్తున్నాం, ఇక లాగడానికి జాగా లేదు. కొత్తది కొనమన్నారు. సైజు ఎలా కొలవాలి?

#17 ఖాకీ_సవార్
జీను, నమ్దా వేసి, ఒక పక్క పట్టీ మధ్య బెజ్జం దగ్గర టేపు పెట్టి, పొట్ట కింద నుంచి అవతలి పట్టీ మధ్య బెజ్జం దాకా కొలవండి. ఇంకొకరు ఆ కొస పట్టుకోవాలి. వచ్చిన అంగుళాలే సైజు. పని ఆపి గడ్డి పెంచారంటున్నారు, ఒళ్లు చేస్తుంది కాబట్టి ఇప్పుడే కొనకండి, మళ్లీ స్వారీ మొదలుపెట్టే ముందు కొలవండి. బిగించాక రెండు వైపులా బకిళ్లు ఒకే ఎత్తులో ఉండి, పైన కనీసం రెండు మూడు బెజ్జాలు మిగలాలి. పొట్టి గర్త్ వాడే డ్రెసాజ్ (విన్యాసాల స్వారీ) జీను అయితే బకిల్ మోచేయి దగ్గరికి రాకుండా చూడాలి, అక్కడ ప్రతి అడుగుకీ కొడుతుంది.

#18 మలక్‌పేట_భాయ్
కొనేటట్టయితే కాన్పూర్ తోలు చూడు తమ్మీ. అక్కడి జీనుసామానుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, బయటి దేశాలకు కూడా పోతది. ఆన్‌లైన్‌ల ఫొటో చూసి ఆర్డర్ పెట్టకు. దుకాణంల చేతిల పట్టుకుని, బకిల్ ముల్లు వంగుతదా లేదా, నడుమ కుట్టు రెండు వరసలు ఉన్నదా చూసి తీస్కో. తెచ్చినంక మొదటి వారం తోలు సాగుతది, రోజూ బెజ్జం మారుతది. గాబరా పడకు.

#19 చింతపల్లి_సంత
కొత్త తోలైతే మొదట రోజు జీను ఒక్కటే ఏసి ఊరికే నడిపించండి, మనిషి ఎక్కకుండా. తాడు మార్చినప్పుడు మేం అలాగే చేస్తాం.